అత్తగారు మనసు మార్చుకుంటే కథ అయిపోతుందా?

ప్రశ్న: నేను ఫోన్ యాప్‌లో ప్రేమకథల సీరియల్స్ రాస్తుంటాను. ఇప్పుడు నడుస్తున్న కథలో హీరోయిన్ శ్రావణి. వాళ్ల అమ్మానాన్నలు మహబూబ్‌నగర్ వైపు నుంచి హైదరాబాద్ వచ్చి, మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్నారు. శ్రావణి డిగ్రీ చదివి ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తుంది. హీరో కార్తీక్ అదే అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. తెనాలి దగ్గర పల్లెలో పొలాలు, డాబా ఇల్లు, పేరున్న కుటుంబం. 40 భాగాలు బాగానే నడిచాయి. ఇప్పుడు సంగతి ఇంట్లో తెలిసింది, కార్తీక్ వాళ్లమ్మ ఒప్పుకోవాలి. ఆమెకు గుండెపోటు రావడం, శ్రావణి రక్తం ఇచ్చి కాపాడటం అనుకున్నాను. మా అక్క విని నవ్వింది. ఒక పాఠకురాలేమో ‘ఇద్దరి కులమేంటో ఒక్కసారీ చెప్పలేదేం?’ అని అడిగింది. ఇంకొకరు ‘ప్రేమకథలో కులం ఎందుకండీ, హాయిగా చదువుకోనివ్వండి’ అన్నారు. నేను కార్తీక్ లాంటి కుటుంబంలో పుట్టినదాన్నే. శ్రావణి గురించి రాసే అర్హత నాకుందా అని టెన్షన్ పట్టుకుంది. పైగా పెళ్లెప్పుడని అందరూ ఒకటే గొడవ. ఏం చేయమంటారు?
– ఒక రచయిత్రి, గుంటూరు

సమాధానం:

ముందు మీ అక్కగారి పక్షాన ఒక మాట. గుండెపోటు వచ్చినవాళ్లకు మామూలుగా రక్తం ఎక్కించరు. యాంజియోగ్రామ్ చేస్తారు, అవసరమైతే స్టెంట్ వేస్తారు. మన సీరియల్స్‌లో మాత్రం ఏ జబ్బుకైనా కోడలి రక్తమే మందు, పైగా గ్రూపు ఎప్పుడూ కలుస్తుంది.

నాకు నవ్వు రాలేదు గానీ ఒకటి గుచ్చుకుంది. ఆ సన్నివేశంలో శ్రావణి కోడలు కావడానికి ప్రవేశ రుసుం కడుతోంది. రక్తం ఇస్తే గానీ లోపలికి రానివ్వని ఇల్లు అది. మరి కార్తీక్ ఏం ఇచ్చాడు? అతని తల్లిదండ్రులు ఏం ఇచ్చారు? ఇలాంటి కథల్లో తన మంచితనాన్ని రుజువు చేసుకునేది ఎప్పుడూ కింద ఉన్నవాళ్లే. పైనున్నవాళ్లు చివరి భాగంలో కళ్లు తుడుచుకుని ‘మా కళ్లు తెరిపించావమ్మా’ అంటే చాలు. అలా అనేసరికి పాఠకులకు కడుపు నిండుతుందేమో గానీ, ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డ మనిషికి దక్కిందేమీ లేదు.

ఈ చట్రం మీరు తయారుచేసింది కాదు లెండి. 1960లు, 70ల వారపత్రికల సీరియల్స్ నుంచి వస్తోంది. బంగళా, కారు ఉన్న అబ్బాయి, గుమాస్తా గారమ్మాయి. ఆ కథల్లో చాలావాటిలో తేడా డబ్బు దగ్గరే ఆగిపోయేది, కులం ఇద్దరిదీ ఒకటేనని చెప్పకుండానే తెలిసిపోయేది. డబ్బు తేడా పెళ్లితో తీరిపోతుంది కాబట్టి పెళ్లి దగ్గర శుభం కార్డు పడితే సరిపోయేది. ఇంకా ధైర్యం చాలకపోతే ఆ అమ్మాయి చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు మనవరాలని చివర్లో బయటపడేది! మీ కథలో ఆ సౌకర్యం లేదు. శ్రావణి ఎవరో అందరికీ తెలుసు, పెళ్లయ్యాక కూడా ఆమె ఆమే. అందుకని కథ మొత్తాన్ని అత్తగారి మనసు మీద ఆనించకండి. తేడా రెండు కుటుంబాల మధ్యే ఉందని, ప్రేమికులిద్దరూ ఒకే ఒడ్డున చేతులు పట్టుకుని నిలబడ్డారని మీరు అనుకుంటున్నట్టుంది. నాకలా కనిపించడం లేదు. తేడా ఆ ఇద్దరి మధ్యా ఉంది. మీరు ఇంకా రాయని కథ అక్కడుంది.

ఎలాగంటే, శ్రావణి వాళ్లమ్మకు కార్తీక్ ఎప్పటి నుంచో తెలుసు. ఏ చొక్కా కాలర్ అరిగిందో, ఎప్పుడు ఊరెళ్లొచ్చాడో, ఏ నెలలో ఇంటర్వ్యూలకు తిరిగాడో అతని బట్టలు చూసి చెప్పగలదు. అతని పేరు కన్నా ‘బీ-304 సారు’ అనే ఆమె నోటికి అలవాటు. కార్తీక్‌కు ఆమె పేరు తెలుసా? ప్రేమలో పడకముందు ఆమెను ఏమని పిలిచేవాడు? మన అపార్ట్‌మెంట్లలో ఇస్త్రీ చేసే ఆవిడ యాభై ఏళ్ల మనిషైనా సరే, పాతికేళ్ల కుర్రాడు ‘ఏమ్మా, బట్టలయ్యాయా, సాయంత్రానికి ఇచ్చేయ్’ అంటాడు. ఆమె ‘ఇస్తా సారూ’ అంటుంది. ఇప్పుడు ఆ మనిషిని అతను ‘అత్తయ్యా, మీరు’ అనాలి. అలా అనే మొదటి రోజు నోరు ఎంత తడబడుతుందో రాయండి. అతను ఎలాగో అనేస్తాడు, అది అతని చేతిలో పని. ఆమెకు మాత్రం ‘సారూ’ అన్నది నాలుక మీద నుంచి పోదు. అల్లుడికి అన్నం వడ్డిస్తూ కూడా ‘ఇంకొంచెం ఏస్కోండి సారూ’ అనేస్తుంది. శ్రావణి వింటుంది. ఆ రాత్రి వాళ్లిద్దరికీ గొడవ వస్తే అది దేని గురించో ఇద్దరికీ సరిగ్గా తెలియదు. ఇలాంటి సన్నివేశం ఒక్కటి మీ 40 భాగాల్లో ఉందా?

భాష సంగతీ అంతే. శ్రావణి ఇంట్లో ‘నాయినా, గట్లెందుకంటవ్’ అంటుంది. ఆడిటర్ ఆఫీసులో ఆ మాట మింగేసి పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది. కార్తీక్‌కు ఆమె ఇంటి భాష ముద్దుగా అనిపిస్తుంది. ఫ్రెండ్స్ ముందు ‘మళ్లీ ఒకసారి అను’ అంటాడు. అతనికి అది ప్రేమే. ఆమెకు మొదటిసారి బాగానే ఉంటుంది, ఐదోసారి ఉండదు.

ఇక శ్రావణి వాళ్ల నాన్న. మీ ఉత్తరంలో కార్తీక్ వాళ్లమ్మ ఒప్పుదల గురించి ఉంది, ఈయన ఒప్పుకున్నాడో లేదో ఒక్క ముక్కా లేదు. పెద్దింటి సంబంధం అంటే పేదింటివాళ్లు ఎగిరి గంతేస్తారని కథలు రాసేవాళ్లం ఎందుకో గట్టిగా నమ్ముతాం. ఆయనకు భయం ఉంటుంది, బిడ్డను రేపు ఆ ఇంట్లో ఎట్ల చూస్తరో అని. పౌరుషం కూడా ఉంటుంది. వాళ్లకూ బంధువులున్నారు, కుల సంఘం ఉంది, అక్క కొడుకుకిస్తానని ఎప్పుడో ఇచ్చిన మాట ఉండొచ్చు. పైగా సంగతి బయటపడగానే ముందు దెబ్బ తగిలేది ఆయనకే. బండి నిలబడింది అసోసియేషన్ వాళ్ల దయ మీద. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘గేటు దగ్గర బండి వల్ల పార్కింగ్‌కు ఇబ్బందిగా ఉంది’ అని ఒక మెసేజ్ పడుతుంది. ప్రేమ ఊసు అందులో ఉండదు. కింద బొటనవేళ్లు పైకెత్తిన గుర్తులు వరసగా పడతాయి. కార్తీక్ ఇంకో ఫ్లాటుకు మారిపోగలడు. ఇన్నేళ్లు సంపాదించుకున్న వాడుక ఇళ్లను వదిలి ఆ బండి ఎక్కడికి పోతుంది? అత్తగారి గుండెపోటు స్థానంలో నేనైతే ఈ మెసేజ్ పెడతాను.

అప్పుడు కార్తీక్ మంచి మనసుతో ‘మామయ్యకు షాపు పెట్టిస్తా’ అంటాడు. వివరాలు కూడా చూసి పెట్టుకుని ఉంటాడు. తెలంగాణలో 2021 నుంచి లాండ్రీ షాపులకు, దోబీ ఘాట్‌లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఉంది. రోడ్డు పక్క బండికి మీటరుండదు కాబట్టి ఆ లాభం అందదు, షాపైతే అందుతుంది. లెక్క బాగానే ఉంది. కానీ ఆ పెద్దమనిషి ‘పిల్లనిచ్చి షాపు తెచ్చుకున్నడు అంటరు’ అని కాదంటే కార్తీక్ దగ్గర జవాబేముంటుంది? ఇక్కడ తొందరపడి ఎవరినీ గెలిపించకండి.

కులం పేరు చెప్పాలా వద్దా అన్నది మీ పాఠకురాలి ప్రశ్న. ఇస్త్రీ బండి అన్నప్పుడే మీరు శ్రావణి కులం సగం చెప్పేశారు. రజకులు అని చదివినవాళ్లకు అర్థమైపోయింది. చెప్పనిది కార్తీక్‌ది. అతనికి పొలాలు, డాబా, పరువు ఇచ్చి ఊరుకున్నారు. దాంతో కులమనేది ఆ అమ్మాయికే ఉన్నట్టు, అబ్బాయికి ‘కుటుంబం’ మాత్రమే ఉన్నట్టు తయారైంది. చెబితే ఇద్దరిదీ చెప్పండి. పేరెత్తి చెప్పడం ఇష్టం లేకపోతే చూపించండి. ‘ఇంటిపేరేంటి బాబూ, ఏ ఊరు మీది, ఫలానావాళ్లు మీకేమవుతారు’ అంటూ మూడు ప్రశ్నల్లో మనుషుల్ని తూకం వేసే పద్ధతి మీకు నేను నేర్పాలా? అతని ఇంట్లో గోడ క్యాలెండర్ మీద ఎవరి ఫొటో ఉంటుంది, పెళ్లి సంబంధాల వెబ్‌సైట్‌లో వాళ్లమ్మ పెట్టిన వివరాల్లో మొదటి గడి ఏది, కొత్త ఎమ్మెల్యే పేరు వినగానే నాన్నగారు ‘మనోడే’ ఎందుకన్నారు… ఇవన్నీ మీకు వెన్నతో పెట్టిన విద్య. హాయిగా చదువుకోనివ్వమన్న పాఠకుడికి కోపం రానక్కర్లేదు. 2011-12లో దేశమంతటా చేసిన మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు నూటికి ఐదు దగ్గరే తేలాయి. అంత అరుదైన పెళ్లి గురించి రాస్తూ అది ఎందుకంత అరుదో చెప్పకపోతే పాఠకుడికి దొరికేది సగం కథ.

ఒక హెచ్చరిక. కులం చూపించడమంటే దూషణలు రాయడం కాదు. విలన్ మేనమామ చేత నాలుగు బూతులు తిట్టిస్తే ఎపిసోడ్‌కు వేడి వస్తుంది గానీ, ఆ తిట్టు చిన్నప్పటి నుంచి పడ్డవాళ్లు కూడా మీ సీరియల్ చదువుతుంటారు. నిజానికి తిట్టు కన్నా లోతుగా దిగేవి మర్యాదలే.

అత్తగారి దగ్గరికి వద్దాం. ఆమెను రాక్షసిని చేయకండి, దేవతనూ చేయకండి. ఆమె పుట్టి పెరిగిన పల్లెలో ఆ ఇంటి బట్టలు ఉతికిన మనిషి ఒకామె ఉండే ఉంటుంది. పెరటి గుమ్మం దగ్గర మూట కట్టుకుని, అక్కడే గిన్నెలో అన్నం పెట్టించుకుని వెళ్లిన మనిషి. పంట చేతికొచ్చినప్పుడు కళ్లం దగ్గర ఇన్ని కుంచాలని గింజలు తీసుకుని, ఇంట్లో పెళ్లికీ చావుకీ తన వంతు చాకిరీ చేసిన మనిషి. ఇద్దరూ ఒకరి కష్టసుఖాలు ఒకరు చెప్పుకునే ఉంటారు, గుమ్మానికి అటూ ఇటూ నిలబడి. కార్తీక్ తల్లి ఉలికిపాటుకు మూలం అక్కడుంది. పెరటి వైపు ఉండాల్సినవాళ్లు వీధి తలుపు తీసుకుని వస్తున్నారు! ఆ ముసలామెను ఒక్కసారి కథలోకి రానివ్వండి. కార్తీక్ పెళ్లి కబురు విని ఆమె ఏమంటుంది? ‘మంచిదే కదమ్మా’ అంటుందా, లేక ‘మీకెందుకమ్మా ఈ తలవంపులు’ అని తానే అనేస్తుందా? రెండోదే అయితే కార్తీక్ తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టకూడదు.

ఆమె మనసు ఒక్క రోజులో మారదు. ఆవకాయ జాడీ పట్టుకుని హైదరాబాద్ వస్తుంది, కోడలితో బాగానే మాట్లాడుతుంది. ఊళ్లో మాత్రం నోరు మెదపదు. ఆడపడుచు కూతురి పెళ్లి కార్డులో బంధువుల పేర్ల వరసలో కార్తీక్ పేరు ఒక్కటే ఉంటుంది. ఎవరైనా అడిగితే ‘అమ్మాయి వాళ్లది హైదరాబాద్‌లో లాండ్రీ బిజినెస్’ అంటుంది. ఆ మాట అబద్ధమూ కాదు, నిజమూ కాదు. మీ కథకు పతాక సన్నివేశం నా దృష్టిలో ఇదే. పెళ్లి పందిట్లో ఆమె ఆ మాట అంటున్నప్పుడు కార్తీక్ పక్కనే ఉన్నాడు. శ్రావణి రెండు కుర్చీల అవతల కూర్చుని వింటోంది. అత్తగారిని చూడటం లేదు ఆ అమ్మాయి. కార్తీక్‌ను చూస్తోంది. అతను సర్దుకుపోతాడా, ‘లాండ్రీ కాదు, ఇస్త్రీ బండి’ అంటాడా? అంటే అందులో అమ్మను సరిదిద్దడం ఎంత, నలుగురి ముందు తన గొప్ప చూపించుకోవడం ఎంత? మీ 40 భాగాలు ఈ ఒక్క క్షణం కోసమే నడిచాయనిపించేలా రాయగలిగితే ఏ గుండెపోటూ అక్కర్లేదు.

పెళ్లి తంతు విషయంలో చట్టం సరిగ్గా రాయండి, ఇందులో మన సీరియల్స్ ఘోరంగా తప్పుతున్నాయి. ప్రేమికులు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పరుగెత్తుకెళ్లి, దండలు మార్చుకుని, సంతకాలు పెట్టి గంటలో బయటికొచ్చేస్తారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అలా కుదరదు. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజుల నుంచి ఉంటూ ఉండాలి. ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు, అభ్యంతరాలకు 30 రోజులు గడువు. పెళ్లినాడు ముగ్గురు సాక్షులు కావాలి. మీకు పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. ఇద్దరిలో ఎవరి స్థిరనివాసమైనా వేరే జిల్లాలో ఉంటే నోటీసు కాపీ అక్కడి వివాహ అధికారికి కూడా వెళ్లి, అక్కడి గోడ మీద కూడా పడుతుంది. అంటే కార్తీక్ వాళ్లింట్లో గుట్టుగా ఉంచిన సంగతి గుంటూరు జిల్లాలో ఒక ఆఫీసు గోడకు ఎక్కుతుందన్నమాట. ఏ పనికో వెళ్లిన ఊరివాడి కంట పడటానికి ఎంతసేపు?

ఇద్దరూ హిందువులే కాబట్టి ఈ దారి తప్పనిసరి కాదు. గుళ్లోనో ఆర్యసమాజంలోనో తంతు ప్రకారం పెళ్లి చేసుకుని, తర్వాత హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. దీనికి నెల రోజుల నోటీసు లేదు. కాకపోతే తంతు లేకుండా సర్టిఫికెట్ ఒక్కటీ తెచ్చుకుంటే ఆ చట్టం కింద పెళ్లి జరిగినట్టు కాదు. రెండు దారుల్లో ఏది ఎంచుకోవాలన్న దాని మీదే వాళ్లిద్దరి మధ్య ఒక భాగం నడపొచ్చు. నోటీసు పడనీ, అందరికీ తెలియనీ అని శ్రావణి, గుళ్లో గుట్టుగా కానిచ్చేద్దామని కార్తీక్. ఇక కులాంతర వివాహానికి ప్రభుత్వ ప్రోత్సాహకం అంటూ లక్షల చెక్కు సీను పెట్టకండి. అంబేద్కర్ ఫౌండేషన్ 2013లో మొదలుపెట్టిన 2.5 లక్షల పథకం ఇద్దరిలో ఒకరు ఎస్సీ అయితేనే వర్తించేలా పెట్టారు. శ్రావణి వాళ్లు బీసీ-ఏ. అలాగే కార్తీక్ నాన్న ‘ఆస్తిలో చిల్లిగవ్వ ఇవ్వను’ అన్నప్పుడు ఆయన స్వార్జితానికే ఆ బెదిరింపు పనిచేస్తుంది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉంటుంది. కులం తప్పాడన్న నెపంతో వారసత్వం పోగొట్టకూడదని 1850లోనే చట్టం వచ్చింది. ఆయనకు ఆ సంగతి చెప్పడానికి తెనాలిలో ప్లీడర్లకు కొదవా?

ప్రాణాపాయం గురించి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య పక్కనుండగానే, ఆస్పత్రి బయట ఒక యువకుణ్ణి నరికి చంపారు. చేయించింది అమ్మాయి తండ్రేనని పోలీసులు తేల్చారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు శిక్షలు వేసింది. ఇలాంటిది మలుపు కోసం వాడుకోవద్దు. కథ మొదటి నుంచీ ఆ భయాన్ని మోస్తూ వస్తే తప్ప చివర్లో కత్తి తీయకూడదు. మీ కథ ఆ దారిలో లేదు, దాన్ని అటు తిప్పకండి.

అర్హత మాటకొస్తే, మీరు కార్తీక్ ఇంటి మనిషినని భయపడుతున్నారు. నాకు అదే మీ బలంగా కనిపిస్తోంది. ఆ భోజనాల బల్ల దగ్గర తలుపులు వేసుకుని ఏం మాట్లాడతారో శ్రావణి ఇంటి నుంచి వచ్చిన రచయిత్రి ఊహించాలి, మీరు విని ఉన్నారు. మీరు దాచేది అదే, అందుకే కార్తీక్ ఇంత పల్చగా వచ్చాడు. శ్రావణి వైపుకు మాత్రం పని చేయాలి. ఒక బండి దగ్గర కొన్ని సాయంత్రాలు కూర్చోండి, వాళ్లకు అడ్డం రాకుండా. బాధలు అడగొద్దు, పని అడగండి. బొగ్గుల పెట్టె నుంచి గ్యాస్ పెట్టెకు ఎప్పుడు మారారు, వాన రోజుల్లో ఏం చేస్తారు, పట్టుచీరకు ఎంత, కాలితే ఎవరు కట్టాలి. రాసింది ఆ ఇళ్ల నుంచి వచ్చిన ఒకరిద్దరు చదివాకే పోస్ట్ చేయండి.

శ్రావణిని బంగారు తల్లిని చేయడం కూడా మానండి. ఇంతవరకు ఆ అమ్మాయి ఒక్క తప్పూ చేయలేదని అనుమానం నాకు. ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తోంది కదా, జులై నెలాఖరులో రిటర్నుల గడువు ముందు ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. కార్తీక్ ఫారం-16 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను లెక్కల కాగితం), బ్యాంకు స్టేట్‌మెంట్ ఆమె చేతికే వస్తే? అతని జీతమెంతో, ఏ లోన్ ఎంత కడుతున్నాడో, ఊళ్లో అమ్మకు నెలనెలా ఎంత పంపుతున్నాడో అతను చెప్పకముందే ఆమెకు తెలిసిపోతుంది. అద్దె రసీదుల్లో అతను చేసిన చిన్న మోసం కూడా. వాళ్లమ్మకు అతని కాలర్లు తెలిసినట్టు కూతురికి అతని లెక్కలు తెలుసు. ఆమె దాన్ని పట్టుకుని అతణ్ణి ఏడిపించనివ్వండి. ఇది ప్రేమకథ, ఇందులో సరసం ఉండాలి. కులం గురించి సీరియస్‌గా రాస్తున్నామని మొహాలు ముడుచుకు కూర్చుంటే ఈ ఇద్దరూ ఎందుకు ప్రేమించుకున్నారో మనకే అనుమానం వస్తుంది.

పెళ్లెప్పుడని గొడవ చేస్తున్నవాళ్లకు చెప్పేయండి, 45వ భాగంలో అని. అత్తగారు రాకపోయినా సరే, చేసేయండి. బండి గొడవ, షాపు గొడవ, నోటీసు, ముగ్గురు సాక్షుల కోసం వెతుకులాట, ఇవన్నీ ఈ ఐదు భాగాల్లో పడతాయి. పెళ్లి కార్డు, ఆ పందిరి, ‘లాండ్రీ బిజినెస్’ తర్వాత. యాప్‌లో ‘సమాప్తం’ బటన్ మాత్రం పెళ్లి రోజు నొక్కొద్దు.